కాక్‌పిట్ తెర: అమ్ముడయ్యేది గాజు కాదు

విమానంలో పైలట్ ముందుండే తెరల గురించి, వాటి వ్యాపారం గురించి, అందులో పని దొరికే దారుల గురించి అడుగుతూ నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఏవియానిక్స్ (విమాన ఎలక్ట్రానిక్స్) పనిలో ఉన్నవాళ్ల చేత జవాబులు రాయించాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: ఈసీఈ డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాను. 43 అంగుళాల టీవీ పాతిక వేలకు దొరుకుతోంది. విమానంలో 15 అంగుళాల తెర లక్షల్లో ఉంటుందట. అందులో అంత ఏముంది?
– విద్యార్థిని, నల్లగొండ

జవాబు: ఆ డబ్బులో గాజుకు పోయేది చిన్న వాటా.

మే నెల మధ్యాహ్నం నల్లగొండ బస్టాండులో ఫోను తీసి చూడండి. చెయ్యి అడ్డం పెట్టుకుంటే గానీ అంకెలు కనబడవు. పైలట్‌కు ఆ వీలు లేదు. మబ్బుల పైన పక్క కిటికీలోంచి ఎండ నేరుగా తెర మీద పడుతుంది. ఇప్పటి మంచి ఫోన్లు కూడా వెయ్యి నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే యూనిట్) వెలుగు ఇస్తున్నాయి కాబట్టి వెలుగు ఒక్కటే గొప్ప కాదు. తెర మీద పడిన ఎండ తిరిగి కంట్లో కొట్టకూడదు. అందుకే గాజు పొరల మధ్య గాలి లేకుండా పారదర్శకమైన జిగురుతో అతికించి, పైన మెరుపును తగ్గించే పూత వేస్తారు. అదే తెర రాత్రి దిగేటప్పుడు ఒక నిట్ దగ్గరికి తగ్గాలి. అంత తగ్గినా మిణుకుమనకూడదు, రంగు మారకూడదు. పగటికీ రాత్రికీ వెయ్యి రెట్ల తేడాను ఒకే బ్యాక్‌లైట్ మొయ్యాలి.

తర్వాత ఎండా చలీ. డీవో-160 అనే పరీక్షల ప్రమాణం ఒకటుంది. అందులో ఏ1 వర్గం కింద, అంటే ఏసీ ఉండే చోట బిగించే పరికరాన్ని కూడా, ఆఫ్ చేసి మైనస్ 55 డిగ్రీల్లో ఒకసారి, 85 డిగ్రీల్లో ఒకసారి ఉంచుతారు. ఆ తర్వాత ఎప్పటిలాగే పనిచెయ్యాలి. మైనస్ 15 నుంచి 55 డిగ్రీల దాకా ఆగకుండా నడవాలి. చలికి నెయ్యి పేరుకున్నట్టు లిక్విడ్ క్రిస్టల్ కూడా మందగిస్తుంది. అందుకే చాలా తెరల్లో గాజు వెనక కంటికి కనబడని హీటర్ పొర ఉంటుంది. ఇవి కాక అదురు, తేమ, ఉప్పు గాలి, పిడుగు తాకిడి, రేడియో తరంగాలు, ఒక్కోదానికి ఒక్కో పరీక్ష.

అసలు ఖర్చు రుజువు కాగితాలది. మబ్బులో ఉన్న విమానం ఎటు వాలిందో రెండు వైపుల తెరలూ తప్పుగా చూపిస్తే అది కూలిపోవచ్చు. అలాంటి వైఫల్యం రేటు వంద కోట్ల ఎగిరే గంటలకు ఒకటి కన్నా తక్కువ ఉండాలని నియమం. వంద కోట్ల గంటలంటే లక్షా పద్నాలుగు వేల ఏళ్లు. అంతకాలం నడిపి చూపించడం ఎవరి వల్లా కాదు. కాబట్టి డిజైన్ చదివి, లెక్కలు వేసి, విడివిడి దారులు పెట్టి, ప్రతి నిర్ణయానికీ కాగితం పుట్టించి నమ్మించాలి. సాఫ్ట్‌వేర్‌కు డీవో-178సీ, హార్డ్‌వేర్‌కు డీవో-254 అనే ప్రమాణాలు అందుకే. ఆ కాగితాల వెనక వందల మంది ఇంజినీర్ల ఏళ్ల జీతం ఉంటుంది. టీవీలు లక్షల్లో అమ్ముడవుతాయి కాబట్టి ఖర్చు పంచుకుపోతుంది. ఒక మోడల్ కాక్‌పిట్ తెర కొన్ని వేలే అమ్ముడవుతుంది.

ఇంకొకటి, బయటివాళ్లు గమనించనిది. గాజు ప్యానెల్ ఫ్యాక్టరీ ఒక మోడల్‌ను కొన్నేళ్లు చేసి ఆపేస్తుంది. విమానం పాతికేళ్లు ఎగురుతుంది. తెర కంపెనీ ‘ఆఖరి కొనుగోలు’ అని రాబోయే ఏళ్లకు సరిపడా ప్యానెళ్లు ఒక్కసారే కొని గోదాములో పెట్టుకోవాలి. తక్కువ కొంటే మళ్లీ కొత్త ప్యానెల్, మళ్లీ పరీక్షలు, మళ్లీ కాగితాలు. ఎక్కువ కొంటే పెట్టుబడి చిక్కుకుపోతుంది. ఆ రిస్కు కూడా ధరలో కలిసే ఉంటుంది.

ప్రశ్న: మాకు రెండు రైస్ మిల్లులున్నాయి. కాక్‌పిట్ డిస్‌ప్లే మార్కెట్ వేల కోట్లని ఒక రిపోర్టులో చదివాం. ఇండిగో, ఎయిర్ ఇండియా వందల విమానాలు కొంటున్నాయి కదా, ఇందులో పెట్టుబడి పెట్టవచ్చా?
– వ్యాపారి, మిర్యాలగూడ

జవాబు: ఆర్డర్లు నిజమే. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలు, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలు చెప్పాయి. లెక్క వేద్దాం. ఏ320 కుటుంబం విమానంలో ప్రధాన తెరలు ఆరు: పైలట్లిద్దరికీ రెండేసి, ఇంజిన్లూ వ్యవస్థల కోసం మధ్యలో రెండు. ఇండిగో ఆర్డరు ఒక్కటే మూడు వేల తెరలు. ఎయిర్ ఇండియా ఆర్డరులోని 190 బోయింగ్ 737 మ్యాక్స్‌లకు, ఒక్కోదానికి పెద్దవి నాలుగు చొప్పున, 760.

అయితే ఆ తెరలు కొనేది మన విమాన సంస్థలు కాదు, ఎయిర్‌బస్, బోయింగ్. విమానం డిజైన్ గీసేటప్పుడే ఎవరి తెర అన్నది తేలిపోతుంది. ఏ350కి థేలెస్. 787కీ 737 మ్యాక్స్‌కీ రాక్‌వెల్ కాలిన్స్, ఇప్పుడు కాలిన్స్ ఏరోస్పేస్. 777కు హనీవెల్. ఆ విమానం తయారీ ఆగేదాకా సాధారణంగా వాళ్లే ఉంటారు. ధర తగ్గిస్తామని మధ్యలో మీరు వెళ్లినా తలుపు తెరుచుకోదు, ఎందుకంటే తెర మారితే సర్టిఫికేషన్ మళ్లీ మొదటికొస్తుంది. బియ్యం వ్యాపారంలో ఈ సీజన్ ఒకరి దగ్గర, వచ్చే సీజన్ ఇంకొకరి దగ్గర కొంటారు. ఇక్కడ ఒక్క సీజన్ పాతికేళ్లు.

కాబట్టి చూడాల్సింది మూడు చోట్ల. ఆ పెద్ద కంపెనీలకు లోపలి భాగాలు, పరీక్షల సేవలు అందించడం ఒకటి. పాత విమానాల్లో గుండ్రటి డయల్స్ తీసి తెరలు పెట్టడం, పాడైన తెరలు బాగుచెయ్యడం రెండోది. రక్షణ శాఖ మూడోది. తేజస్ మార్క్-1ఏకు 2021లో 83, 2025లో ఇంకో 97 విమానాల ఒప్పందాలు కుదిరాయి. తేజస్ పైలట్ కళ్లెదుట గాజు మీద అంకెలు చూపే హెడ్-అప్ డిస్‌ప్లేను చండీగఢ్‌లోని పరిశోధన సంస్థ సీఎస్ఐవో రూపొందించింది, ప్రభుత్వ కంపెనీ బీఈఎల్ తయారుచేస్తోంది. హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ డివిజన్ మన బాలానగర్‌లోనే ఉంది. ఈ మూడో దారిలో సర్టిఫికేషన్ సెమిలాక్ చేతిలో, పౌర విమానాలకు డీజీసీఏ చేతిలో ఉంటుంది. ఒకదాని కాగితం రెండోచోట నేరుగా చెల్లదు.

రిపోర్టు సంగతి. పెట్టుబడికి ముందు అందులో ‘డిస్‌ప్లే సిస్టమ్’ అంటే ఏమేం కలిపారో చూడండి. కొందరు తెర ఒక్కటే లెక్కిస్తారు, కొందరు కంప్యూటర్లు, హెల్మెట్ తెరలు, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపేస్తారు. నిర్వచనం ఇవ్వని అంకె మీద రూపాయి కూడా పెట్టకండి. మా సలహా: సొంతంగా తెర తయారుచేసే కంపెనీ పెట్టకండి. ఏఎస్9100 సర్టిఫికెట్ (విమాన రంగ నాణ్యతా గుర్తింపు) ఉండి, ఇప్పటికే ఆర్డర్లు చేస్తూ, విస్తరణకు డబ్బు చూసుకుంటున్న చిన్న యూనిట్లో వాటా ఉంటే ఆలోచించండి. మొదటి ఆమోదానికి ఏడాది రెండేళ్లు, బిల్లు డబ్బు చేతికి రావడానికి ఇంకొన్ని నెలలు పడుతుందని ముందే అనుకుని దిగండి.

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర రెండు వీఎంసీ (లోహాన్ని తొలిచే కంప్యూటర్) మిషన్లతో షాపు నడుపుతున్నాను. ఫార్మా మిషన్ల పార్టులు చేస్తాం. డిస్‌ప్లే యూనిట్ల అల్యూమినియం బాడీ చేసే ఆర్డరు పట్టాలంటే ఏం కావాలి? మా వాళ్లు చేసిన శాంపిల్ రెండుసార్లు తిరిగొచ్చింది.
– షాపు యజమాని, షాద్‌నగర్

జవాబు: ఈ ఉత్తరం చదివి సంతోషించాం. తెర వ్యాపారంలో మన జిల్లాలకు అందేంత దూరంలో ఉన్న పని ఇదే.

శాంపిల్ ఎందుకు తిరిగొచ్చిందో రాయలేదు. సాధారణంగా జరిగే తప్పులు చెబుతాం, మీది ఏదో సరిచూసుకోండి.

మొదటి అనుమానం ఎండ మీద. డ్రాయింగులో కొలత 20 డిగ్రీల దగ్గర లెక్క. అల్యూమినియం మీటరుకు ఒక్కో డిగ్రీకి 23 మైక్రాన్లు సాగుతుంది. మీ షెడ్డులో మే నెలలో 35 డిగ్రీలుంటే, 200 మిల్లీమీటర్ల బాడీ 69 మైక్రాన్లు సాగి ఉంటుంది, అంటే సుమారు 0.07 మిల్లీమీటరు. డ్రాయింగు ఇచ్చిన వెసులుబాటు 0.05 అయితే, మీ దగ్గర ‘ఓకే’ అయిన పార్టు వాళ్ల ఏసీ గదిలో చిన్నదై రిజెక్ట్ అవుతుంది. కొలిచే గదికి ఏసీ పెట్టండి. పార్టునూ కొలత పరికరాన్నీ రాత్రంతా ఆ గదిలోనే ఉంచి పొద్దున కొలవండి. మిషన్ మీద నుంచి వేడిగా దించి కొలవడం మానేయండి.

రెండోది వంపు. ఈ బాడీలు 6061-టీ6 రకం అల్యూమినియం దిమ్మెలోంచి తొలుస్తారు, గోడలు రెండు మూడు మిల్లీమీటర్లే మిగులుతాయి. ఒకే బిగింపులో లోపలంతా తొలిచేస్తే దిమ్మెలో ఉన్న ఒత్తిడి వదిలి గోడ వంగుతుంది. ముందు రెండు వైపులా గరుకుగా తొలిచి, మిల్లీమీటరు దాకా వదిలి, బిగింపు వదులు చేసి ఒక రోజు ఉంచి, తర్వాత ఫినిషింగ్ కోత వేయండి. చివరి కోతకు వైస్ గట్టిగా బిగిస్తే, విప్పగానే మళ్లీ వంగుతుంది.

మూడోది పూత. అందరూ ఎక్కువగా పడే గుంట ఇదే. బాడీ అంతటికీ అనోడైజింగ్ చేయిస్తే చూడటానికి బాగుంటుంది కానీ ఆ పొర కరెంటును పోనివ్వదు. డిస్‌ప్లే బాడీ, విమానం లోహం ఒకదానితో ఒకటి విద్యుత్తుగా కలిసి ఉండాలి, లేకపోతే రేడియో తరంగాల పరీక్షలో తెర మీద గీతలొస్తాయి. అందుకని తాకే ముఖాలకూ గాస్కెట్ గాడికీ మాస్కింగ్ చేసి, అక్కడ కరెంటు పోయే రసాయన పూత మాత్రమే వేయాలి. తాకే చోట నిరోధం 2.5 మిల్లీఓమ్‌లు దాటకూడదని చాలా డ్రాయింగుల్లో ఉంటుంది. డ్రాయింగులో గీతలు గీసి చూపించిన ముఖాలు ఏవో అనోడైజింగ్ షాపుకు ఫోన్లో చెప్పకండి, రంగు పెన్నుతో గుర్తు పెట్టిన ప్రింటు పంపండి. ఆ షాపుకు నాడ్‌క్యాప్ గుర్తింపు (పూత లాంటి ప్రత్యేక పనులకు విమాన రంగం ఇచ్చేది) అడుగుతారా అని కొనేవాళ్లను ముందే కనుక్కోండి.

చిన్న సంగతులు కూడా పార్టును వెనక్కి పంపిస్తాయి. మూడు మిల్లీమీటర్ల స్క్రూ రంధ్రాల అంచున బర్, అంటే కోతలో మిగిలిన లోహపు ముల్లు. అది ఊడి బోర్డు మీద పడితే షార్టు. ఆ రంధ్రాల్లో వేసే స్టీలు ఇన్సర్ట్ తోక విరిచి లోపలే వదిలేయడం కూడా అంతే.

కాగితాల వైపు: ఏఎస్9100 సర్టిఫికెట్, హీట్ నంబరుతో (లోహం ఏ విడత కరిగింపులోదో చెప్పే నంబరు) మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్, ఏఎస్9102 పద్ధతిలో మొదటి పార్టు తనిఖీ నివేదిక. ఈ చివరిదానికి డ్రాయింగు మీద ప్రతి కొలతకూ బెలూన్ నంబరు వేసి, ఒక్కోదానికీ కొలిచిన విలువ రాయాలి. ‘సరే’ అని టిక్కు పెడితే ఒప్పుకోరు. రాడ్డు ముక్క మిగిలితే హీట్ నంబరు చెక్కి దాచండి. నంబరు లేని ముక్క ఎంత మంచిదైనా ఫార్మా పనికే. ఆదిభట్లలో విమాన భాగాల ఫ్యాక్టరీలు మీకు గంట దూరంలోనే ఉన్నాయి. ముందు వాటికి చిన్న బ్రాకెట్లు చేసే ఆర్డరు పట్టి కాగితాల పని అలవాటు చేసుకోండి. డిస్‌ప్లే బాడీ దాకా వెళ్లడానికి అది దగ్గరి దారి.

ప్రశ్న: బీటెక్ అయ్యింది. హైదరాబాద్‌లో ఏవియానిక్స్ టెస్టింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. ఎంసీడీసీ అడుగుతారంటున్నారు. అర్థమయ్యేలా చెప్పగలరా?
– ఉద్యోగార్థి, సూర్యాపేట

జవాబు: సాఫ్ట్‌వేర్‌లోని షరతులను ఎంత బాగా పరీక్షించారో చూసే కొలమానం ఎంసీడీసీ. ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం, దాంతో సగం ఇంటర్వ్యూ అయిపోతుంది.

తెర మీద ఎడమ పక్క వేగం పట్టీ ఉంటుంది. ఆ వేగం ఏరింక్ 429 (విమాన పరికరాల మధ్య సమాచారం పంపే ప్రమాణం) తీగ మీద 32 బిట్ల మాటగా వస్తుంది. మొదటి 8 బిట్లు లేబుల్, అది ఆక్టల్‌లో 206 అయితే ఎయిర్‌స్పీడ్. 31, 30 బిట్లు (ఆ వరసలో) ఆ విలువ నమ్మదగ్గదో కాదో చెబుతాయి: 11 అయితే మామూలు, 00 అయితే పరికరం చెడింది, 01 అయితే లెక్కించలేదు, 10 అయితే పరీక్షలో ఉంది. 32వ బిట్ పారిటీ, అంటే మాట దారిలో చెడిందేమో సరిచూసేది.

ఇప్పుడు నియమం: పరికరం చెడినట్టు వచ్చినా, పారిటీ తప్పినా, నిర్ణీత సమయంలో కొత్త మాట రాకపోయినా అంకె తీసేసి ఎర్ర జెండా చూపాలి. పాత అంకె అలాగే నిలబడిపోవడం ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద తప్పు. ఖాళీ తెరను పైలట్ నమ్మడు, నిలిచిపోయిన అంకెను నమ్ముతాడు.

మూడు షరతులు, మధ్యలో ‘లేదా’. అన్ని కలయికలూ పరీక్షిస్తే ఎనిమిది. ఎంసీడీసీ అడిగేది వేరు: ప్రతి షరతూ ఒంటరిగా ఫలితాన్ని మార్చగలదని చూపించు. అందుకు నాలుగు పరీక్షలు చాలు. మూడూ బాగున్నప్పుడు జెండా రాకూడదు. పరికరం ఒక్కటే చెడితే రావాలి. పారిటీ ఒక్కటే తప్పితే రావాలి. ఆలస్యం ఒక్కటే అయితే రావాలి. ప్రోగ్రామర్ పొరపాటున ఒక ‘లేదా’ బదులు ‘మరియు’ రాసి ఉంటే ఈ నాలుగులో ఏదో ఒకటి పట్టేస్తుంది. డీవో-178సీలో అన్నిటికన్నా కఠినమైన లెవెల్-ఏ సాఫ్ట్‌వేర్‌కు ఇది తప్పనిసరి, బీకి అవసరం లేదు.

ఇంటర్వ్యూలో ఒక ఎదురుప్రశ్న వస్తుంది: కోడ్ చూసి పరీక్షలు రాస్తావా, రిక్వైర్‌మెంట్ చూసి రాస్తావా? రిక్వైర్‌మెంట్ చూసి. కోడ్ చూసి రాస్తే కోడ్‌లోని తప్పు పరీక్షలోకీ దిగుతుంది. హనీవెల్, కాలిన్స్ లాంటి కంపెనీల ఇంజినీరింగ్ కేంద్రాలూ, సైయెంట్ లాంటి సేవల కంపెనీలూ హైదరాబాద్‌లో ఉన్నాయి. మంచి సీ భాష, కొంచెం పైథాన్, ఏరింక్ 429 బిట్లు కాగితం మీద విప్పి చూపగలగడం, ఇవి మీ రెజ్యూమేలోని ప్రాజెక్టు పేర్ల కన్నా ఎక్కువ పనికొస్తాయి.

ప్రశ్న: మొబైల్ రిపేర్ షాపుంది. డిస్‌ప్లే మార్చడంలో చెయ్యి తిరిగింది. విమానం డిస్‌ప్లేలు రిపేర్ చేసే పని దొరుకుతుందా?
– రిపేర్ షాపు, జడ్చర్ల

జవాబు: షాపులో చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. డీజీసీఏ సీఏఆర్-145 ఆమోదం ఉన్న సంస్థలోనే, ఆ మోడల్‌కు తయారీదారు ఇచ్చిన మాన్యువల్ చూసుకుంటూనే చెయ్యాలి. బయటికి వెళ్లే యూనిట్ వెంట సీఏ ఫారం-1 ఉండాలి. ఆ కాగితం లేని తెర ఎంత చక్కగా వెలిగినా తుక్కు కిందే లెక్క.

మీ చేతి నైపుణ్యం మాత్రం వృథా కాదు. పాత తెరల్లో చెడేవి మీకు తెలిసినవే: మసకబారిన ట్యూబ్ బ్యాక్‌లైట్, పవర్ సప్లైలో ఉబ్బిన కెపాసిటర్లు, వదులైన రిబ్బన్ కనెక్టరు, చల్లగాలి ఫిల్టర్లో దుమ్ము పేరుకుని వేడెక్కిన బోర్డు. రిపేర్ కేంద్రాలకు పెద్ద తలనొప్పి వేరే ఉంది. విమానంలో తెర ఆరిపోయిందని విప్పి పంపుతారు, బెంచ్ మీద పెడితే శుభ్రంగా వెలుగుతుంది. తప్పు తెరది కాదు, విమానం వైపు కనెక్టరు పిన్నుదో, గాలి గొట్టానిదో. అందుకే ఏ320లో తెరలన్నీ ఒకే రకం కావడాన్ని వాడుకుని, అనుమానం ఉన్నదాన్ని పక్కదాంతో మార్చి చూస్తారు. తప్పు తెరతో పాటు కదిలితే తెరది, అక్కడే ఉండిపోతే వైరింగ్‌ది.

2024 జూలై 15 నుంచి దిగుమతి చేసుకునే విమాన భాగాల మీద ఐజీఎస్టీ ఒకేలా 5 శాతం అయ్యింది. ఇక్కడే రిపేర్ చెయ్యడానికి అది ఊతం. మీరు పదో తరగతి, ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చేసి ఉంటే టెక్నీషియన్‌గా ప్రయత్నించండి. ఐపీసీ-ఏ-610 (ఎలక్ట్రానిక్ బోర్డుల నాణ్యత ప్రమాణం) క్లాస్-3 శిక్షణ ముందే తీసుకుంటే తేడా కనబడుతుంది.

ప్రశ్న: మా పిలగాడు ఇంటర్ ఎంపీసీ పాసయిండు. ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) చదువుతా అంటున్నడు, కాలేజోళ్లు లక్షల ఫీజు చెప్తున్నరు. కట్టొచ్చా సార్?
– రైతు, వనపర్తి

జవాబు: కట్టే ముందు డీజీసీఏ వెబ్‌సైటులో సీఏఆర్-147 ఆమోదం ఉన్న సంస్థల జాబితాలో ఆ కాలేజీ పేరు ఉందో లేదో మీరే చూడండి, వాళ్లు చూపించే జిరాక్సు నమ్మకండి. ఆమోదం ఏ కేటగిరీకి అన్నదీ చూడండి. తెరలు, రేడియోలు, వైరింగ్ పని బీ2, ఇంజిన్లు, బాడీ బీ1. కోర్సు అయ్యాక మాడ్యూల్ పరీక్షలు పాసై, నడుస్తున్న విమానాల మీద పని అనుభవం చూపిస్తేనే లైసెన్సు. ఆ అనుభవం ఎక్కడ ఇప్పిస్తారో రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా చెబితే కట్టకండి. అబ్బాయికి రంగులు గుర్తించే చూపు పరీక్ష ముందే చేయించండి. తెర మీద ఎరుపంటే ప్రమాదం, పసుపంటే జాగ్రత్త, ఆ తేడా తెలియకపోతే ఈ పని సాగదు.

ప్రశ్న: విమానంలో ఫోన్ వాడితే తెరలు నిజంగా ఆరిపోతాయా?
– పాఠకురాలు, గద్వాల

జవాబు: ఊరికే పుట్టిన మాట కాదు. బోయింగ్ 737, 777ల్లో ఒక రకం తెరలు వై-ఫై తరంగాలు దగ్గరగా తాకినప్పుడు పరీక్షల్లో క్షణాలపాటు ఆరిపోయాయి. 2014లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశమిచ్చి, 1,300కు పైగా విమానాల్లో వాటిని అయిదేళ్లలో మార్పించింది. మార్చిన తెరలకు ఆ బెడద లేదు. అయినా సిబ్బంది చెప్పినప్పుడు ఫ్లైట్ మోడ్ పెట్టండి.

తెర ఆరిపోవడానికి తరంగాలే అక్కర్లేదు. 2019 చివర్లో 737 నెక్స్ట్ జనరేషన్ విమానాల మీద ఎఫ్‌ఏఏ ఇంకో ఆదేశమిచ్చింది. సరిగ్గా 270 డిగ్రీల దిశలో, అంటే నిక్కచ్చిగా పడమర వైపు ఉన్న కొన్ని రన్‌వేలను పైలట్ కంప్యూటర్లో ఎంచుకోగానే ఆరు తెరలూ ఒకేసారి నల్లబడేవి. వేరే రన్‌వే ఎంచుకుంటే మళ్లీ వెలిగేవి. అలాంటి రన్‌వేలు ఏడు: అయిదు అమెరికాలో, ఒకటి కొలంబియాలో, ఒకటి గయానాలో. తప్పు గాజుదీ కాదు, బ్యాక్‌లైట్‌దీ కాదు. తెరను నడిపే సాఫ్ట్‌వేర్‌లోది. దాన్ని సరిచేసేదాకా ఆ విమానాల్లో ఆ ఏడు రన్‌వేలను ఎంచుకోకూడదని ఆంక్ష పెట్టారు.